బూడిదరంగు చిమ్మట

"ఈ గదిలో బూడిదరంగు ఎక్కడుందే నెవెనా? గోడలు పచ్చ, బల్లలు పసుపు. అందరికంటే ముందు నీ చిమ్మటే చస్తుంది!"

దెసాంక టీచర్ మాటకి క్లాసంతా గొల్లున నవ్వింది. పన్నెండుమంది పిల్లలూ తలా ఒక కాగితపు చిమ్మట చేసి, రంగు కలిసేచోట పైకి కనబడేలా అతికించాలి. పక్షి పాత్ర వేసినవాళ్ళు వచ్చి ఏరుకుంటారు. దొరకనిది బతికినట్టు. ప్రకృతి ఎవరిని మిగులుస్తుందో చెప్పే పాఠం అది. నెవెనా మూతి ముడుచుకుని వరండాలోకి పోయింది. అక్కడ హెడ్మాస్టర్ వూకషిన్‌తో ఏదో గొణిగి, ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

ఆయనతో మొరపెట్టుకుంటే ఏం లాభం? ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆయన కుర్చీ కదల్లేదు. ఎవరొస్తే వాళ్ళ భజన. ఇవాళ ఇన్‌స్పెక్టర్ గ్రాదిమిర్ వస్తున్నాడని పొద్దున్నే రాకియా సారా సీసా మూత తీశాడు. దెసాంకది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఈసారి పొడిగింపు గ్రాదిమిర్ సంతకంతోనే.

వస్తూనే ఇన్‌స్పెక్టర్ తన మబ్బురంగు ఉన్నికోటు విప్పబోయాడు.

"అయ్యయ్యో, విప్పకండి సార్! పొయ్యి ఇంకా రాజుకోలేదు, జలుబు చేస్తుంది," అంటూ వూకషిన్ ఆయన వీపు నిమిరాడు.

పొయ్యి తెల్లారినప్పటి నుంచీ భగభగమంటూనే ఉంది. భజనలో పడితే ఈయనకి ఒంటికి సెగ కూడా తగలదు కాబోలు అనుకుంది దెసాంక.

"పాఠమా, పిల్లాటా ఇది?" అన్నాడు గ్రాదిమిర్. "సరే, పక్షిని నేనే. గంట కొట్టేలోగా పన్నెండూ ఏరేస్తా. ఒక్కటి మిగిలినా సంతకం పెడతా. మిగల్లేదా, నువ్వు వేరే ఊరు చూసుకో."

గోడల మీదివి, బల్లల మీదివి టపటపా పీకి టీచర్ బల్ల మీద పడేస్తున్నాడు. వూకషిన్ ఆయన వెనకే.

"ఆహా, ఏం చూపు సార్! డేగ కూడా మీ ముందు దిగదుడుపే!"

ఆయన గోడ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా పిల్లలు పెదవులు కొరుక్కున్నారు. దెసాంక తలెత్తలేదు. బల్ల మీద పడే ఒక్కో చిమ్మటనీ లెక్కపెడుతోంది.

గంట మోగింది. బల్ల మీద పదకొండే ఉన్నాయి.

"పన్నెండోది ఏదీ? అసలు అతికించారా?"

"అతికించాం సార్! అందరికీ కనబడుతూనే ఉంది!" క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

"అయితే చూపించండి!"

"పక్షికి ఎవరైనా చూపిస్తారా సార్?" వూకషిన్ నవ్వుతూ పెన్ను అందించాడు. "పైగా మీ బస్సు వెళ్ళిపోతుంది. ఇదిగో, ఇక్కడ."

గ్రాదిమిర్ సణుగుతూ సంతకం గీకి బయటపడ్డాడు.

దెసాంక కళ్ళు తుడుచుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. తన ఉద్యోగం ఒక కాగితప్పురుగు నిలబెట్టింది. బయట ఈ హెడ్మాస్టర్ మాత్రం బస్సు దాకా ఆ కోటు వీపు మీద చెయ్యి తియ్యలేదు. వెన్నెముక లేని జన్మ అని మనసారా తిట్టుకుంది. మెట్టెక్కిస్తూ ఇంకోసారి వీపు తట్టి, వూకషిన్ చెయ్యి తీశాడు.

గాలికి ఆ వీపు మీద బూడిదరంగు చిమ్మట రెక్కలాడించింది.