కొండ మీది సాక్షి

పోలింగుకి ఆరు రోజులుందనగా అభ్యర్థికి ఒక సాక్షి కావలసివచ్చాడు.

తప్పంతా బావమరిదిది. ప్రచారం మొత్తం నెత్తినేసుకున్న ఆ మహానుభావుడు అభ్యర్థికి చెప్పకుండానే కరపత్రంలో ఒక ముక్క అచ్చేయించాడు, సరిహద్దు కొండ మీద ప్రాణాలకు తెగించి కాపలా కాసిన వీరుడని. అవతలి పార్టీవాళ్లు ఊరుకుంటారా? సైన్యంలో ఉన్నాడు సరే, కొండెక్కినట్టు రుజువేదన్నారు. కింద గోదాములో దుప్పట్లు మడతలు పెట్టి వచ్చాడన్నారు. తెల్లారేసరికి గోడల నిండా దుప్పటి బొమ్మలు.

సైన్యం ఇచ్చిన కాగితంలో దళం పేరుంది గానీ కొండ ఊసు లేదు. పోనీ అభ్యర్థిని అడుగుదామంటే ఆయన నోరు విప్పడు. నలభై ఏళ్లుగా విప్పలేదు. భార్యకే చెప్పలేదు. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు చెప్పుకోవాలన్నా ఆ రెండు గదుల ఇంట్లో వినేది ఈల వేసే కుక్కరే.

అప్పుడు బావమరిదికి కబుర్ల తాత గుర్తొచ్చాడు.

మాజీ సైనికుల వసతి గృహంలో, పొడుగాటి గదిలో, చిట్టచివరి మంచం తాతది. ఆ పక్కనే స్నానాల గది. కుళాయి ఎవరు కట్టేసినా కారుతూనే ఉంటుంది. తాతను చూడటానికి ఎవరూ రారు. గేటు దగ్గర పుస్తకంలో ఆయన పేరుకెదురుగా ఉన్న సంతకాలన్నీ ఒక్కరివే, అభ్యర్థివి.

ఆరేళ్ల క్రితం మాట. అక్కడివాళ్ల పింఛను దరఖాస్తులు నింపిపెట్టడానికి అభ్యర్థి ఒక ఆదివారం వచ్చాడు. తాత నలుగురిని పోగేసి, తానూ అక్కడ కాపలా కాశానంటూ ఆ కొండ కబుర్లే చెబుతున్నాడు. అక్కడ గాలి ఎంత జోరంటే, సెల్యూట్ కొట్టిన చెయ్యి మళ్లీ దించడానికి ఇద్దరు సాయం పట్టేవారట. నలుగురూ ముసిముసిగా నవ్వుకుంటున్నారు. అభ్యర్థి మాత్రం కలం పక్కన పెట్టి లేచి వచ్చి మంచం దగ్గర కూర్చున్నాడు.

"మన వైర్‌లెస్ వాడు గుర్తున్నాడా అన్నా?" అని అడిగాడు.

గుర్తులేకేం అన్నాడు తాత. కొలువు దిగాక రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టాడట. బొజ్జ పెంచాడట. ఇద్దరు కూతుళ్లట, ఇద్దరికీ తండ్రి గొంతే వచ్చిందట, ఆ ఇంట్లో ఎవరి మాటా ఎవరికీ వినపడదట. అభ్యర్థి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. పై వారం వంటవాడి గురించి అడిగాడు. ఆ పై వారం ఇంకొకడి గురించి. అది మొదలు ఒక్క ఆదివారం మానలేదు.

ఇంతకన్నా మంచి సాక్షి ఎవడు దొరుకుతాడు? బావమరిది ప్రమాణపత్రం రాయించి, ఇద్దరు విలేకరులను వెంటబెట్టుకుని వసతి గృహానికి వచ్చాడు. ఇన్నాళ్లకు తన అవసరం ఒకరికి పడిందని తాతకు కాలు ఒకచోట నిలవలేదు. గడ్డం గీసుకున్నాడు. కోటు గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. పాత పేపరు అంచు మీద సంతకం పదిసార్లు సాధన చేశాడు.

అభ్యర్థి వచ్చాడు. కాగితం నిదానంగా చదివాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"అన్న సంతకం వద్దు," అన్నాడు.

బావమరిది ఆయన్ను చెయ్యి పట్టి వరండాలోకి లాక్కుపోయాడు.

"ఒక్క సంతకం బావా. ఆయనే పెడతానని తహతహలాడుతుంటే నీ సొమ్మేం పోయింది?"

"ఓడిపోతే ఓడిపోతాను. ఆయన్ని ఇందులోకి లాగకు."

బావమరిది నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. అభ్యర్థి మాట మారలేదు. లోపల తాత కలం మూత తీసి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

సాక్షిని చూసి అభ్యర్థి జంకాడని మర్నాడు పేపర్లు రాశాయి. అరవై రెండు ఓట్లతో ఓడిపోయాడు. బావమరిది మాటలు మానేశాడు. అద్దె కుర్చీలవాడు కుర్చీలు పట్టుకుపోయాడు. ప్రచార కార్యాలయంలో మిగిలిన అభ్యర్థి తన బొమ్మ ఉన్న బ్యానరు తనే దించి, అంచుకు అంచు కలిపి మడిచి, గది ఊడ్చి తాళం వేశాడు.

ఆదివారం వచ్చింది. తాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. అడుగుల చప్పుడు పోల్చుకున్నాడు గానీ కదల్లేదు.

"ఎందుకొచ్చావు తమ్ముడూ? నా మాట చెల్లదని నలుగురి ముందూ తేల్చేశావుగా," అన్నాడు గోడతోనే.

అభ్యర్థి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పక్కన కుళాయి కారుతూనే ఉంది.

"నాకు చెల్లుతుంది అన్నా. వాళ్లకు దేనికి?"

తాత దుప్పటి నెత్తిదాకా లాక్కున్నాడు.

"లెఫ్టినెంటు సంగతి నువ్వింకా చెప్పనే లేదు. పెళ్లి చేసుకున్నాడా?"

తాత బిగదీసుకుని ఉండాలనే చూశాడు. ఎంతసేపుంటాడు, ఇన్ని రోజుల కబుర్లు గొంతులో ఉన్నాయాయె. ఇటు తిరిగాడు. చేసుకోకేం అన్నాడు. వయసు మీరాక ఓ సంగీతం టీచరును చేసుకున్నాడట. ఆవిడ పాడుతుంటే నిద్రపోయేవాడట, ఆపితే మెలకువ వచ్చేదట. ఇప్పుడు మనవరాలికి సైకిలు నేర్పుతున్నాడట, వెనక పరుగెత్తలేక అరుగు మీద కూర్చుని ఈల వేస్తూ.

అభ్యర్థి మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, ఒక్క ముక్క పోకుండా వింటున్నాడు.

ఆ కొండ మీదికి ఎక్కిన పదకొండు మందిలో ప్రాణాలతో కిందికి దిగింది అభ్యర్థి ఒక్కడే.