పది నిమిషాలు చల్లారనివ్వు

సరిగ్గా పదకొండింటికి కంప్యూటర్ మళ్లీ చచ్చింది.

"నీ దుంపతెగ!" అంటూ టైపక్క కీబోర్డు మీద రెండు చేతులూ పడేసి కూలబడింది.

వారం రోజులుగా ఇదే వరస. పొద్దున పదకొండుకోసారి, మధ్యాహ్నం రెండుకోసారి ఠక్కున ఆగిపోతుంది. టైపు చేసిందంతా పోతుంది. పది నిమిషాలాగి నొక్కితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది.

శనివారానికి మూడొందల పేజీల పుస్తకం టైపు చేసి ఇవ్వాలి. ఇవ్వకపోతే అద్దె కట్టలేక ఈ గది ఖాళీ చేయాల్సిందే. గది పోతే పాపను వదిలి ఎక్కడికో ఉద్యోగానికి పోవాలి.

నాలుగేళ్ల పాప పై అంతస్తు క్రెష్‌లో, తను కింద. అందుకోసమే ఈ ఇరుకు గదిని పట్టుకుని వేలాడుతోంది.

మరిది వచ్చాడు. కంప్యూటర్లు బాగుచేయడమే అతని పని. ఫ్యాను దుమ్ము దులిపాడు. పవర్ సప్లై మార్చాడు. చివరికి తన షాపుకి మోసుకెళ్లి రెండు రోజులు నడిపి చూశాడు.

"ఒక్కసారి కూడా ఆగలేదు వదినా," అన్నాడు తెచ్చి పెడుతూ.

"మరి నా దగ్గరే ఎందుకు చస్తోంది? నా మొహం నచ్చలేదా?"

"మా అన్నయ్యకే లేని అభ్యంతరం దీనికెందుకుంటుంది? కరెంటు సంగతి చూద్దాం పద."

లైటూ ఫ్యానూ ఆగకపోవడంతో అంతవరకూ కరెంటు మీద ఎవరికీ అనుమానం రాలేదు. ప్లగ్గులకు వేరే లైను ఉందని అప్పుడు తెలిసింది. దాని స్విచ్ మెట్ల కింద పాత ఇనప పెట్టెలో ఉంది.

రెండింటికి ఇద్దరూ స్తంభం చాటున నిలబడ్డారు.

వచ్చింది మెట్ల తాత.

రోజూ ఆ మెట్ల మీద కూర్చునే ముసలాయన. ఎవరి తాలూకో టైపక్కకు తెలియదు. గోడలు తడుముకుంటూ తిరుగుతుంటే పిచ్చివాడని అందరూ వదిలేశారు.

పైకి వెళ్లాడు. మెట్ల దగ్గరి క్రెష్ గోడకి బయటినుంచి అరచెయ్యి ఆనించాడు. దిగివచ్చి, పెట్టె తెరిచి స్విచ్ దించాడు.

టైపక్క ఒంటికాలి మీద లేచింది.

"నీకిదేం పోయేకాలం తాతా! నా పొట్ట మీద కొడతావా?"

ఆయన బెదరలేదు.

"పది నిమిషాలు చల్లారనివ్వమ్మా."

"ఏది చల్లారాలి?"

"గోడ. నీ గదికొచ్చే తీగ ఆ పైగోడలోంచే దిగుతుంది."

మరిది పకపకా నవ్వాడు. కంప్యూటర్‌లో వెతికిన జబ్బు ఈ బుర్రలో ఉందన్నమాట అనుకున్నాడు.

"నేను లేకపోతే నువ్వైనా ఆపు తల్లీ. మీ పాప పడుకునేది ఆ గోడ పక్కనే."

టైపక్కకి ఒళ్లు జలదరించింది. పాప ఎక్కడ పడుకుంటుందో ఈ ముసలాడికెందుకు?

"నా పాప ఊసెత్తావంటే పోలీసుల్ని పిలుస్తా!"

కేకలకి బిల్డింగ్ మేనేజర్ పరిగెత్తుకొచ్చాడు. తాత ఏదో చెప్పబోయాడు. మేనేజర్ ఆయన మొహంలోకైనా చూడలేదు. రెక్క పట్టుకుని గేటు బయటికి నెట్టాడు. పెట్టెకి తాళం వేసి చెవి జేబులో పడేసుకున్నాడు.

అంతే, కంప్యూటర్ మళ్లీ ఆగితే ఒట్టు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, ప్రింటర్‌తో సహా, గలగలా నడిచింది.

తాత మాత్రం రోజూ వచ్చి గేటు అవతల నిలబడి, క్రెష్ కిటికీ వంకే చూసేవాడు. ఆ చూపు కంటపడినప్పుడల్లా టైపక్క తన గది తలుపు మూసేసేది.

శుక్రవారం మధ్యాహ్నం. ఆఖరి పేజీల్లో ఉంది. క్రెష్ ఆయా గుమ్మంలోంచి తొంగిచూసింది.

"టైపక్కా, ఈ చోద్యం విన్నావా? నాలుగు రోజుల్నించీ పిల్లలంతా ఆ గోడకే అతుక్కుని పడుకుంటున్నారు."

"ఎందుకట?"

"వెచ్చగా ఉందట. ఇవాళైతే ఏదో మాడు వాసన కూడా వస్తోంది."

టైపక్క కుర్చీ తోసేసి లేచింది. ఒక్క పరుగున మెట్లెక్కి గోడ మీద చెయ్యి వేసింది. చురుక్కుమంది. పగుళ్లలోంచి సన్నగా పొగ వస్తోంది.

"పిల్లల్ని దించండి! అందర్నీ దించండి!"

పాపను చంకనేసుకుని కిందికి ఉరికింది.

"మేనేజర్ గారూ, తాళంచెవి! తాళంచెవి!"

వరండా చివర మేనేజర్ జేబులు తడుముకుంటున్నాడు.

అంతలో ఆమె గదిలో కంప్యూటర్ ఠక్కున ఆగిపోయింది.

పొద్దుటి నుంచి కొట్టిన పేజీలన్నీ పోయాయి. పోతే పోనీ, దేవుడా నీకు దండం అనుకుంది టైపక్క.

మెట్ల కింద తాళం పగిలి ఉంది. పక్కనే రాయి పడి ఉంది. కాలి కరిగిన స్విచ్ దిగి ఉంది. తాత ఎప్పటిలాగే గోడకానుకుని కూర్చున్నాడు. అరచెయ్యి నల్లగా కాలింది.

"తాతా! ఓ తాతా!"

భుజం కుదిపితే పక్కకి ఒరిగిపోయాడు, ఊపిరి లేదు.

పిల్లలు ఒక్కొక్కరే ఆయన్ని దాటుకుంటూ బయటికి వెళ్లారు. పదముగ్గురూ క్షేమం.

"ఎవరండీ ఈయన? ఎవరి తాలూకు?" టైపక్క భోరుమంది.

మేనేజర్ తల దించుకున్నాడు.

"ఈ బిల్డింగుకి తీగలు లాగిన మేస్త్రీ. ఆ గోడలో తను వేసిన తీగ అతుకు చెడిందని, పగలగొట్టి ఊరికే సరిచేసిపెడతానని మూడేళ్లుగా నా చుట్టూ తిరిగాడమ్మా... కొత్తగా రంగులు వేయించాం, గోడ పాడవుతుందని నేనే వద్దన్నాను."