వాగు అవతలి గుడారం

ఎండాకాలం సెలవులకి మారేడుమిల్లి అడవిలో మకాం వేద్దామని రెండు కుటుంబాలు డ్రైవర్లు లేకుండా వాటంతటవే నడిచే రెండు కార్లలో బయల్దేరాయి. నీలవేణి దారి పొడవునా తన స్నేహితురాలు ప్రమదని, ఆమె పులిహోర దగ్గర్నుంచి పిల్లాడి పెంపకం దాకా, ఆడిపోసుకుంటూనే ఉంది. ఆ పిల్లాడు తన కూతురి పక్కనే, వెనక సీట్లోనే ఉన్నాడన్న ధ్యాసైనా లేదు.

తీరా దిగి చూస్తే, కార్లు తమ మరచేతులతో వేసిన గుడారాల్లో ప్రమదది వాగు అవతల ఉంది.

"అంత దూరంగా ఏశారేంటి?" అంటూ నీలవేణి కారు మీద విరుచుకుపడింది.

"ఆ కార్లో ప్రమదగారూ మిమ్మల్ని ఇలాగే తిట్టారండి. అందుకే మేం రెండు కార్లం మాట్లాడుకుని దూరం పెట్టామండి," అంది కారు.

"నోర్ముయ్! ముందు పిల్లల్ని దింపు."

"అడిగానండి. ఇద్దరూ నాలోనే పడుకుంటారంట."

లోపల్నించి ఆమె కూతురే అద్దం పైకెత్తేసింది.