గడియ

మార్చి మూడు, మంగళవారం. గదిలో ముగ్గురున్నారు: మనోవైద్యురాలు, బట్టలు కుట్టే దర్జీ, తోడొచ్చిన ఆమె అక్క.

"మీ ఫారం తర్వాత. ముందు నా షరతుల మీద సంతకం పెట్టండి," అంటూ దర్జీ ఓ కాగితం అందించింది. "చిన్నప్పుడు నన్ను గదిలో పెట్టి గడియేసిన మామయ్యను క్షమించమన్నారు, ఇంతకుముందు ముగ్గురు డాక్టర్లు."

"నోరు మూసుకోవే! ఈవిడా పారిపోతుంది," అంది అక్క.

"పోనీ అక్కా. కొలతలు తీసుకోకుండా కుట్టేవాళ్ళు నాకొద్దు."

వైద్యురాలు కాగితం చదివింది. "క్షమించమనను. తలుపు తెరిచి ఉంచాలన్న షరతు మాత్రం కుదరదు, మీ మాట వీధిన పడుతుంది. గడియ మీరే వేయండి, ఎప్పుడంటే అప్పుడు తీయండి."

దర్జీ లేచింది. "అక్కా, నువ్వు బయట కూర్చో."

గడియ వేసింది, తీసింది, మళ్ళీ తనే వేసి వచ్చి కూర్చుంది.

వైద్యురాలు ఆ షరతు దిద్ది సంతకం చేసింది. దర్జీ కాగితాన్ని మడిచి, కొలత టేపున్న సంచిలో దాచుకుంది.