నీలిమంటకి అంబలి

రత్నాలు ఊబి ఒడ్డున ఆకుదొన్నెలో అంబలి పెట్టి, పెంకులో తెచ్చుకున్న నిప్పుల మీద గుగ్గిలం చల్లింది. అంతే, బురదనీళ్ల మీద బుస్సుమని నీలిమంట లేచింది.

“సూసినారా మేట్టారూ! ఒచ్చినాడు. అంబలి పెడితే సాలు, నా పెనిమిటి ఒచ్చేత్తాడు.”

జోగయ్య మాస్టారి వెనక నక్కిన యర్రయ్య శెట్టి ఒక చేత్తో ఆయన కోటు, ఇంకో చేత్తో తన మెళ్లో తాయెత్తు గట్టిగా పట్టుకున్నాడు. సంతలో కాటా పట్టుకుంటే ఎదుటివాడి నోరు పెగలనివ్వని మనిషి, ఈ మంట కనబడినప్పటి నుంచీ పొద్దు వాలకముందే కొట్టు తలుపులు బిగించుకుంటున్నాడు. ఈ మంటేమిటో తేల్చమని కొండ కింది బడి నుంచి మాస్టారిని డోలీలో మోయించుకొచ్చిందీ శెట్టే.

“ఒసే రత్నాలూ, గాసిగాడు అస్సాం తేయాకు తోటలకి పోనాడని ఎన్నిసార్లు సెప్పాలే నీకు? నా కొట్లో పిప్పళ్లు దింపి అట్నించటే పోనాడు.”

“నాతో సెప్పకుండా పోడు సావుకారూ. సచ్చే ఉంటాడు. పీనుగ దొరక్కుండా రాయెలా నిలబెట్టీది?”

ఆ ఊళ్లో చచ్చినవాడి పేర రాయి నిలబెడితేగానీ వాడి తిరుగుడు ఆగదంటారు. పీనుగను చూడందే ఆ రాయి నిలపరు. పది నెలలయింది పాపం, గాసికి రాయీ లేదు, రత్నాలుకి నిద్రా లేదు.

మాస్టారు తాను తెచ్చిన కుండ నిండా నీళ్లు నింపి, ఊబినీళ్లలో బోర్లించి పట్టుకున్నాడు.

“అమ్మా, కర్రతో ఆ అడుగు బురద కెలుకు.”

గుబగుబమని బుడగలు లేచి కుండలో దూరాయి.

“ఇది బురదవాయువు. కర్బనం ఒక పాలు, ఉదజని నాలుగు పాళ్లు. రంగు లేదు, వాసన లేదు.”

“వాసన నేదా? మరి ఈ కంపేటి?”

“అది బురదదమ్మా. ఈ వాయువు గాలికన్నా తేలిక. అందుకే కుండని తిప్పకుండా బోర్లానే ఎత్తాలి. చూడు.”

అగ్గిపుల్ల గీసి కుండ మూతి కింద పెట్టాడు. నీలిమంట. అచ్చం అదే.

“నువ్వు తెచ్చే నిప్పే దీనికి అంటుకుంటోంది. ఎవరూ రావడంలేదు తల్లీ.”

రత్నాలు దొన్నె వంక చూసింది. “మరి... అంబలో?”

“ఏ నక్కో తాగిపోతోంది.”

శెట్టికి నవ్వొచ్చింది. ముందు గొంతులో, ఆ తరవాత పొట్ట చేత్తో పట్టుకుని. తాయెత్తు పుటుక్కున తెంపి నీళ్లలోకి విసిరేశాడు.

“గాలా! ఉత్త గాలా! పది నెల్ల బట్టీ నాకు కునుకు నేదు కదరా దేవుడా!”

రత్నాలు నవ్వలేదు. “ఈ గాలి దేన్లోంచి పుడతాది మేట్టారూ?”

“అడుగున కుళ్లినదాన్లోంచి. ఆకులు, గడ్డి, గొడ్డు...”

“మడిసి కుళ్లినా?”

మాస్టారు కుండ పక్కన పెట్టాడు. “మనిషైనా అంతేనమ్మా.”

ఆమె కర్ర అవతల పారేసింది. మోకాళ్ల మీద కూలబడి, బుడగలు లేచినచోట రెండు చేతులా బురద తోడసాగింది.

శెట్టికి నవ్వు ఆగడంలేదు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఆ ఊపులోనే అన్నాడు:

“ఎర్రిదానా, అక్కడన్నీ ఆకులేనే! గాసిగాడున్నది అదిగో, ఆ మేడిసెట్టు మొదట్లో!”