సంతకం పైన నాలుగు వాక్యాలు

“నా బిడ్డ నౌకరీ ఇడిసిపెట్టలేదు సారూ! అబద్ధం రాసిండ్రు!”

సుమిత్రమ్మ కేకకు వరండాలో కూర్చున్నవాళ్లు విచారణ గదిలోకి తొంగిచూశారు. జనార్దన్ కుర్చీలోంచి లేచాడు. తాండూరులోని ఆ ప్రైవేటు బడి యాజమాన్యానికి లాయరు ఆయనే. టీచర్లతో ఏ తగాదా వచ్చినా, వికారాబాద్‌లో ఏ విచారణ పడినా ఆయనే దిక్కు. ఇన్నేళ్లలో ఎప్పుడూ గొంతు తడబడలేదు. ఇవాళ మాత్రం అప్పుడే రెండో మంచినీళ్ల సీసా ఖాళీ చేశాడు.

“మేడం, అంబిక టీచర్ పదకొండో తారీఖున రాజీనామా చేసింది. బడి బస్సు బోల్తా పడింది పన్నెండున. బషీరాబాద్ దాకా దింపుదామని డ్రైవరు పాపం దయతలిచి ఎక్కించుకున్నాడు. అంటే ఆమె డ్యూటీలో చనిపోలేదు. ఇక నష్టపరిహారం మాటెక్కడిది?”

“డ్యూటీల లేకుంటే గా పిల్లగాండ్లను ఒక్కొక్కల్ని కిటికీల కెల్లి బయటికెందుకు అందిస్తది సారూ? అందరినీ అందించి తనే లోపల ఉండిపాయె గద!”

విచారణ అధికారి మహేశ్వరి ఫైలు తిప్పింది. “అమ్మా, లేఖ మీద సంతకం మీ అమ్మాయిదేనా?”

“సంతకం దానిదే మేడం. గా మాటలే దానియి కావు.”

నిజమే, సంతకం అంబికదే. ఉద్యోగంలో చేరేనాడే సర్టిఫికెట్లతో పాటు ఒక తెల్లకాగితం అడుగున సంతకం చేయించుకుని బీరువాలో దాచుకోవడం ఆ బడి ఆనవాయితీ. ప్రమాదం జరిగిన మూడోనాడు కరస్పాండెంటు ఆ కాగితం తెచ్చి, “సార్, పైన జర మంచిగ నింపుండ్రి” అన్నాడు. జనార్దన్ నాలుగు వాక్యాలు నింపాడు. మహానుభావుడు, కామా కూడా తప్పు పోనివ్వలేదు!

అంతే, ఆనాటి నుంచి ఆయన ప్రాణానికి నిమ్మళం లేదు. ఆ నాలుగు వాక్యాలనూ ఒక ఆడగొంతు చెవిలో చదువుతోంది. స్నానం చేస్తుంటే చదువుతుంది. అన్నం కలుపుకుంటుంటే చదువుతుంది. ఈ పొద్దున అనంతగిరి మలుపుల్లో కారు నడుపుతుంటే వెనక సీట్లోంచి చదివింది. అంబికను ఆయన ఒక్కసారైనా చూసి ఎరుగడు, మాట విని ఎరుగడు. అయినా ఆ గొంతు ఆమెదేనని ఆయనకు తెలుసు. భయంతో చచ్చిపోతున్నాడు. ఎవరితో చెప్పుకుంటాడు?

సుమిత్రమ్మ సంచిలోంచి మడతలు పడ్డ కాగితం తీసింది. “పోస్టుల గీ నకలు పంపిండ్రు మేడం. నాకు సదువు రాదు. గొర్లు మేపుకునేదాన్ని, గాడ సదివి చెప్పేటోళ్లు ఎవలుంటరు? దాని పేరు మీద ఏమని రాసిండ్రో ఒక్కసారి ఇననియ్యుండ్రి.”

“చదవండి లాయర్ గారూ,” అంది మహేశ్వరి.

సుమిత్రమ్మ వచ్చి ఆయన పక్కనే నిలబడి కాగితం చేతిలో పెట్టింది. జనార్దన్ మడతలు విప్పాడు. అందులోకి చూసే ధైర్యం లేక చూపు కిటికీ వైపు తిప్పుకున్నాడు. చెవి పక్కనే ఆ గొంతు మొదలైంది. అది ఒక్కో మాట అంటుంటే, బడిపిల్లాడిలా ఆయన వెనకే అన్నాడు.

“కుటుంబ కారణాల వల్ల నా ఉద్యోగానికి స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నాను. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. పాఠశాల నుంచి నాకు రావలసింది ఏమీ లేదు. పిల్లలను వదిలి వెళ్తున్నందుకు బాధగా ఉంది.”

మహేశ్వరి తన ఫైలులోని అసలు లేఖతో సరిచూసుకుంది. అక్షరం పొల్లుపోలేదు. చెవిలో గొంతు కూడా ఆగిపోయింది. అమ్మయ్య, గండం గడిచిందనుకున్నాడు జనార్దన్.

సుమిత్రమ్మ మాత్రం ఆయన చేతిలోని కాగితాన్నే చూస్తోంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, ఇంకాస్త దగ్గరికి వంగి మళ్లీ చూసింది.

“సదువు రానిదాన్నే గని, సంతకం అడుగున ఉంటదని ఎరుక సారూ. కాయితం ఉల్టా పట్టుకొని ఎట్ల సదివినవ్?”