పగడాల చలువ

సముద్రంలో పగడాలు చచ్చిపోయాక, వాటిని ఇంట్లో బతికించేవాళ్లకు రోజంతా కరెంటు ఇస్తామంది ప్రభుత్వం. విజయవాడ ఎండలకు మామగారు కోటిలింగం రోజూ సొమ్మసిల్లి పడిపోతున్నారని హైమావతి దరఖాస్తు పెట్టింది. తొట్టితోపాటు చలువ యంత్రం కూడా ఇస్తారని విని, ఆయన మంచం వరండాలోకి నెట్టి మరీ హాల్లో గోడంత తొట్టి కట్టించింది.

నీళ్లు చల్లబడ్డాయి. పగడాలు ఎర్రగా, ఊదాగా విచ్చుకున్నాయి. ఆ నీళ్లలోంచి లాగిన వేడినంతా యంత్రం హాల్లోకే వదిలింది.

"ముందే చెప్పొచ్చు కదండీ," అంది యంత్రం బిగించినతనితో.

"మీరు నీళ్ల సంగతే కదమ్మా అడిగారు," అన్నాడతను. "యంత్రాన్ని ఆపేరు సుమా. ఒక్క కొమ్మ చచ్చినా కరెంటు తీసేస్తారు."

మిట్టమధ్యాహ్నం కోటిలింగం చొక్కా విప్పేసి, తొట్టి అద్దానికి వీపు ఆనించి కూర్చున్నారు.

"ప్రాణం లేచొచ్చిందే అమ్మాయ్," అన్నారు కళ్లు మూసుకుని.

సరిగ్గా ఆయన వీపు వెనకే, ఒంటి వేడి తగిలి, ఒక పగడం కొమ్మ చచ్చేముందులా తెల్లబడుతోంది. హైమావతి అది చూసింది.

"మామయ్యగారూ, కాస్త ఇవతలికి జరగండి."

ఆయన జరిగారు. హైమావతి గబగబా అద్దం మీది చెమట పైటకొంగుతో తుడిచింది. ఆయన వీపు మీది చెమట అలాగే కారుతోంది.